ఆ కాగితం రాసిన చెయ్యి

మా ఆయన ఎడమ మణికట్టు విరగ్గొట్టింది మా అన్నే. ఈ మాట దాచి లాభం లేదు, వీధిలో చూడనివాళ్లంటూ ఎవరూ లేరు. పొలం గట్టు కోసం, ఇంటి గోడ కోసం కొట్టుకున్న బావాబావమరుదుల గురించి మీరు వినే ఉంటారు. టీవీకి తగిలించుకునే ప్లాస్టిక్ పెట్టె గొప్పదా, సొంత తెర ఉన్న ప్లాస్టిక్ పెట్టె గొప్పదా అని ఎముకలు విరగ్గొట్టుకున్నవాళ్లు మాత్రం మా ఇంట్లోనే ఉన్నారు.

ఇద్దరూ ఒకప్పుడు ఒకే కొట్లో రేడియోలు బాగుచేసేవాళ్లు. ఒకే బల్ల, ఒకే సోల్డరింగ్ ఇనుము, ఒకే టీ గ్లాసులో చెరి సగం. ఆ చెలిమి మీదే నా పెళ్లి జరిగింది. ఇళ్లలో పెట్టుకునే కంప్యూటర్లు వచ్చిన ఏడాది ఆ బల్ల రెండయింది. మా ఆయన నల్లపెట్టె అమ్ముదామన్నాడు. రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంతో అంతే ఉంటుంది. రబ్బరు మీటలు. ఇంట్లో ఉన్న టీవీయే దానికి తెర, పాటలు వినే టేపు రికార్డరే దానికి బీరువా. మూడు వేలు. మా అన్న తెల్లపెట్టె అన్నాడు. దానికి సొంత తెర, గట్టి మీటలు, క్యాసెట్ బదులు డిస్కు. పదకొండు వేలు. "మూడు వేలకొచ్చేది బొమ్మ బావా, యంత్రం కాదు" అని అన్న. "పదకొండు వేలు పెట్టగలిగినవాడు గుమాస్తానే పెట్టుకుంటాడు" అని ఆయన. ఎవడు పట్టిన కుందేలుకు వాడు మూడే కాళ్లన్నాడు.

అన్న వీధికి అటువైపు వేరే కొట్టు తెరిచాడు. జనం ఒకరికి క్యాసెట్ బావ అని, ఒకరికి డిస్కు బావ అని పేర్లు పెట్టారు. వాళ్లిద్దరూ ఒకరినొకరు పిలుచుకునేది బావా అనే కాబట్టి, "బావా, ఇవాళ నీ తల పగలగొడతా" అని కేక వినిపిస్తే, నేను కిటికీ దగ్గరికి పోయి చూస్తే తప్ప ఎవరి తలో తెలిసేది కాదు.

మొదట అద్దాలు పగిలాయి, ఆ తర్వాత మనుషులు. అన్న కొట్టు ముందు నిలబడి బేరమాడుతున్న మనిషిని మా ఆయన చెయ్యి పట్టుకుని ఇటువైపు లాక్కొచ్చాడు. అన్న వెనకే వచ్చి మా ఆయన్ని కాలరు పట్టుకుని కాలవలో తోశాడు. మర్నాడు మా కొట్లో మెకానిక్ ఒక పాత ఆంప్లిఫయరు ఎత్తి అన్న మొహాన విసిరాడు. అన్నకి పైపళ్లు రెండు రాలాయి. పోలీసులు వచ్చి, ఇద్దరి దగ్గరా టీ తాగి, ఇంటి గొడవ అని రాసుకుని వెళ్లారు. నాకు కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

వాళ్లిద్దరికీ తెలిసినదానికంటే నాకే ఆ పెట్టెల గురించి ఎక్కువ తెలుసు. గొప్పకి చెప్పడం లేదు. వాళ్లు కొట్టుకుంటుంటే మాన్యువల్స్ చదివింది నేను. అన్న కొట్లోకి కూడా నాకు అడ్డు లేదు. అందుకే రెండు పెట్టెల్నీ పోల్చే కాగితం మా ఆయన నాచేతే రాయించేవాడు, కింద తన సంతకం పెట్టుకునేవాడు. నేను నిలువుగా రెండు గడులు గీసేదాన్ని. ధర ఎంత, మెమరీ అనే జ్ఞాపకం ఎంత, రంగులు ఎన్ని, ప్రింటరు తగులుతుందా, మీటలు ఎన్నాళ్లకి అరుగుతాయి. ఒక పెట్టెలో లేనిదానికి ఆ గడిలో అడ్డంగా ఒక గీత పెట్టేదాన్ని. అబద్ధం రాయడం కంటే, ఖాళీ వదలడం కంటే గీత మర్యాద. నల్లపెట్టెకి నేను పెట్టిన గీతలు చూసి మా ఆయన మూతి ముడుచుకునేవాడు. దాని జ్ఞాపకం పెంచే బిళ్ల వెనక వదులుగా ఉండి, బల్ల కదిలితే చేసిన పనంతా పోతుందని కూడా రాశాను. ఆ మాట కొట్టేయించాడు.

ఒకరోజు అనుకున్నాను, ధర సంగతి అందరికీ తెలుసు, పని సంగతి తేలుద్దామని. నాలుగు వందల మంది పిల్లల మార్కులు టేపు నుంచో డిస్కు నుంచో చదివి, కూడి, వరస కట్టే ప్రోగ్రాం ఒకటి రాశాను. మొదలుపెట్టినప్పుడు పెట్టె తన లోపలి గడియారం చూసుకుంటుంది, ముగిశాక మళ్లీ చూసుకుంటుంది, తేడా తెర మీద వేస్తుంది. పొద్దున అన్న కొట్లో తెల్లపెట్టె మీద నడిపాను. ఐదు నిమిషాలు. మధ్యాహ్నం మా కొట్లో నల్లపెట్టెకి అదే పని పెట్టాను. టేపు తిరగడం మొదలయ్యిందో లేదో, బయట కేక.

"గుమాస్తా పెట్టె, పదకొండు వేలు" అని మా ఆయన బోర్డు రాయించి అన్న కొట్టుకి ఎదురుగా తగిలిస్తున్నాడు. అన్న వచ్చి బోర్డు పీకాడు. ఈయన బోర్డు వదల్లేదు. లాక్కుంటూ లాక్కుంటూ మా కొట్టు గుమ్మం దాకా వచ్చారు. ఈయన కిందపడి గడప మీద చెయ్యి ఆనించాడు. అన్న పైకి చూశాడు, షట్టరు అంచు రెండు చేతులా పట్టుకున్నాడు, కిందికి లాగాడు. ఎముక విరిగిన చప్పుడు షట్టరు చప్పుడులో కలిసిపోయింది. అరుపు మాత్రం కలవలేదు.

నేను ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోయి, కట్టు కట్టించి, తిరిగొచ్చేసరికి తెర మీద అంకె నాకోసం చూస్తూ ఉంది. ఆరు నిమిషాల నాలుగు సెకన్లు. చీర కొంగు నిండా ఆయన నెత్తురు, ఆ అంకెని అలాగే కాగితం మీదికి ఎక్కించాను. వాచీ చూసే తీరిక నాకెక్కడిది.

ఆ కాగితం మా ఆయనకి మందులా పనిచేసింది. "పదకొండు వేలది ఐదు నిమిషాలు, మూడు వేలది ఆరు. ఆ ఒక్క నిమిషానికి ఎనిమిది వేలా?" అని పైన పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి, ఊళ్లో గోడ కనిపిస్తే అతికించాడు. అన్న కొట్టు గోడకి కూడా. ఆ నెలలో అన్న అమ్మింది ఒకే ఒక్క పెట్టె, అదీ తిరిగొచ్చింది. కాగితం అబద్ధమని నిరూపించేవాడు కూడా లేడు. ఇళ్లలో ఎవడికి నాలుగు వందల మంది పిల్లలుంటారు.

సరిగ్గా అప్పుడే ఊళ్లో పెద్ద బడి హెడ్ మిస్ట్రెస్ గారు ముప్పై కంప్యూటర్లు కొంటానని కబురు పెట్టారు. ఇద్దరూ పెట్టెలు తీసుకుని బడి హాలుకి రావాలి, కాగితంలో ఉన్న పనే అందరి ముందూ చెయ్యాలి. కబురు విని అన్న వీధి మధ్యకి వచ్చి నిలబడ్డాడు. పళ్లు పోయినచోట నాలుక తగులుతూ మాట కొంచెం ఈలలా వచ్చింది గానీ, ఎవరూ నవ్వలేదు.

"ఆ ఆరు నిమిషాలు అబద్ధమని తేలిన రోజున, ఆ కాగితం రాసిన చెయ్యి విరగ్గొడతాను. పదిమందిలో చెప్తున్నా. విరగ్గొట్టకపోతే కొట్టు మూసేసి మీ బూట్లు తుడుస్తాను."

అందరూ మా ఆయన కుడిచేతి వంక చూశారు. సంతకం ఆయనదే కదా మరి. ఎడమ మణికట్టు అప్పటికే వంకరగా అతుక్కుంది, గ్లాసు పట్టుకుంటే ఒలికిపోతుంది. సన్నని తీగ అతకాలన్నా, స్క్రూ తిప్పాలన్నా ఆయనకి మిగిలింది ఆ కుడిచెయ్యి ఒక్కటే. అది పోతే ఆయన కొట్టుకి యజమాని కాదు, కొట్లో కుర్చీ.

పోటీకి మూడు రోజుల ముందు, ఒక ఆదివారం పొద్దున, ఊరికే ధైర్యం కోసం నల్లపెట్టె మీద ఆ పనిని మళ్లీ నడిపాను. ఈసారి గోడ గడియారం ఎదురుగా కూర్చున్నాను. ఆరు నిమిషాలయింది. టేపు తిరుగుతూనే ఉంది. పది అయింది. పందొమ్మిదో నిమిషంలో పని ముగిసింది. తెర మీద అదే అంకె, ఆరు నిమిషాల నాలుగు సెకన్లు.

మాన్యువల్ చివరి పేజీల్లో వెతికితే కారణం దొరికింది. టేపు వినేదీ, గడియారం తిప్పేదీ ఆ పెట్టెలో ఒకటే బుర్ర. టేపు వింటున్నంతసేపూ అది గడియారాన్ని ఆపేస్తుంది. పొయ్యి మీద పాలు పొంగకుండా చూస్తున్న మనిషిని అంకెలు కూడా లెక్కపెట్టమంటే, పాలు చూసినంతసేపూ లెక్క ఆగిపోయినట్టు. తెల్లపెట్టెలో డిస్కు చూసుకోవడానికి వేరే బుర్ర ఉంది, అందుకే దాని గడియారం నిజం చెప్పింది. పరిగెత్తేవాడి పరుగుని వాడి వాచీతోనే కొలిచాను నేను.

ఆయనకి చెప్పాను. చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవాడు ఆగిపోయాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"ఎవరికీ చెప్పలేదు. గోడల మీద కాగితాలు చింపించండి. లెక్క తప్పయిందని మేడమ్ గారికి నేనే చెప్తాను. మీ చెయ్యి దక్కుతుంది."

ఆయన ఆ చేత్తోనే నా చెంప మీద కొట్టాడు. పెళ్లయ్యాక అదే మొదటిసారి కాదు గానీ, అంత గట్టిగా కొట్టడం మొదటిసారి. చెవిలో టేపు కూత లాంటిది చాలాసేపు మోగింది.

"పెట్టె గడియారమే ప్రమాణం అంటాను. తెర మీద ఆరు అని పడుతుంది కదా. పడితే చాలు. నువ్వు నోరు మూసుకో. నువ్వు ఎవరి మనిషివే అసలు?"

ఆ చెంపతోనే అన్న దగ్గరికి వెళ్లాను. అన్న ఒక నల్లపెట్టెని బల్ల మీద పెట్టి సుత్తితో పగలగొడుతున్నాడు. కోపంతో కాదు, తీరిగ్గా. ఒక్కో దెబ్బకి నాలుగైదు రబ్బరు మీటలు ఎగిరి నేల మీద దొర్లుతున్నాయి. నా చెంప చూసి సుత్తి ఆపాడు.

"వాడేనా?"

"అది వదిలెయ్ అన్నా. నువ్వు అన్న మాట వెనక్కి తీసుకో. పెట్టెలు గెలుస్తాయో ఓడతాయో, చేతుల జోలికి పోకు."

చిన్నప్పుడు నాకు కామెర్లు వచ్చినప్పుడు, రెండు మైళ్లు నన్ను భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి నడిచినవాడు మా అన్న. ఆ భుజం నాకు ఇప్పటికీ గుర్తే. నా తల నిమిరి అన్నాడు, "పదిమందిలో అన్నాను చెల్లీ. ఇంట్లో అనుంటే నీకోసం మింగేసేవాణ్ణి." మళ్లీ సుత్తి ఎత్తాడు.

చెప్పొద్దూ, నాకు ఇద్దరి మీదా అసహ్యం వేసింది. అయినా ఆయన చెయ్యి పోకూడదనే దారంతా అనుకుంటూ వచ్చాను. తప్పు నాది. దెబ్బ ఆయనకి తగిలితే నేను అన్నం ఎలా తింటాను?

బడి హాలు కిక్కిరిసింది. మధ్యలో రెండు బల్లలు, మూల బడిగంట, పక్కన దాన్ని కొట్టే ఇనుప కడ్డీ. హెడ్ మిస్ట్రెస్ గారు నెమ్మదైన మనిషి. "పెట్టె గడియారమే లెక్క" అని మా ఆయన గొంతు పెంచితే, ఆవిడ తన చేతి వాచీ విప్పి బల్ల మీద పెట్టారు.

తెల్లపెట్టె ఐదు నిమిషాల్లో ముగించింది. అన్న చేతులు కట్టుకున్నాడు. నల్లపెట్టె మొదలైంది. ఆరో నిమిషంలో మా ఆయన టీవీ ముందు వంగి నిలబడ్డాడు. తొమ్మిదో నిమిషంలో వెనక వరసలో ఎవరో "క్యాసెట్ రెండోవైపు తిప్పాలేమో" అన్నారు. హాలంతా నవ్వింది. పదమూడో నిమిషంలో ఎవరూ నవ్వడం లేదు. అన్న లేచి గంట పక్కకి వెళ్లి నిలబడ్డాడు. మా ఆయన మెడ మీద చెమట కాలువలు కట్టింది. పందొమ్మిదో నిమిషంలో తెర మీద ఆరు పడింది.

"చూడండి, ఆరు. నేను చెప్పలేదా, ఆరే" అన్నాడాయన.

హెడ్ మిస్ట్రెస్ గారు వాచీ పైకెత్తి చూపించారు.

మొదటి కుర్చీ ఎవరు విసిరారో నేను చూడలేదు. అది టీవీకి తగిలి గాజు బాంబులా పేలింది. ముందు వరసలో ఒకాయన మొహం పట్టుకుని కూలబడ్డాడు, వేళ్ల సందుల్లోంచి నెత్తురు. మా మెకానిక్ అన్న కొట్టు మనిషిని జుట్టు పట్టుకుని బల్ల అంచుకేసి కొట్టాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. అన్న జనాన్ని తోసుకుంటూ వస్తుంటే మా ఆయన తన జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి అన్న తొడలో దింపాడు. అన్న కిందికి చూసుకున్నాడు, దాన్ని పీకి పారేశాడు, ఈయన్ని మెడ పట్టుకుని బల్ల మీద పడుకోబెట్టాడు. కుడిచెయ్యి చాపి, మోకాలితో మోచెయ్యి నొక్కాడు. రెండో చేతిలో గంట కొట్టే కడ్డీ.

నేను అప్పటికి బల్ల దగ్గరికి చేరాను. అన్న భుజం పట్టుకున్నాను. నోరు తెరిచాను. రాసింది నేను, కొలిచింది నేను, ఆ మాట నాలుక చివర ఉంది.

నాకంటే ముందు ఆయన అరిచాడు. "నేను కాదు బావా. రాసింది అది. నీ చెల్లెలే. అసలు కాగితంలో దాని అక్షరాలే చూసుకో, దాన్ని అడుగు."

ఎడమచెయ్యి, ఆ వంకర చెయ్యి, నావైపు చూపిస్తోంది.

నేను చెప్పబోయిందీ అదే. అయినా నేను చెప్పడం వేరు, ఆయన చెప్పడం వేరు. ఆయన చెయ్యి కాపాడాలని మూడు రోజులు నేను పడిన యాతనంతా గుర్తొచ్చి సిగ్గేసింది.

అన్న నావైపు తిరిగాడు. "నిజమా?"

"నిజమే అన్నా. నేనే రాశాను. లెక్క తప్పు నాది. అప్పుడు తెలీదు, ఆదివారం తెలిసింది." బల్ల మీద గాజు పెంకులు పక్కకి తుడిచి, నా కుడిచెయ్యి చాపి పెట్టాను. "పదిమందిలో అన్నావు కదా."

అన్న కొట్టడనుకున్నాను. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా, అదే అనుకున్నాను. కడ్డీ పారేస్తాడు, ఏడుస్తాడు, గొడవ అక్కడితో ఆగుతుంది అనుకున్నాను. మా ఆయన బల్ల మీద నుంచి జారి లేచాడు. నా చెయ్యి పక్కకి లాగుతాడేమోనని కూడా అనుకున్నాను. ఆయన తన కుడిచెయ్యి చంకలో దాచుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

అన్న నా మొహం చూశాడు, ఆ తర్వాత హాలు చూశాడు. హాలునే చాలాసేపు చూశాడు. కడ్డీ దిగింది.

చూపుడువేలు, నడిమివేలు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు. నేను అరిచానో లేదో నాకు గుర్తు లేదు. వేళ్లు ఉండాల్సినవైపు లేవు, ఒకదాంట్లోంచి ఎముక తెల్లగా కనిపిస్తోంది. అన్న "చెల్లీ" అన్నాడు, నిద్రలోంచి లేచినవాడిలా. అప్పుడు పారేశాడు కడ్డీ. అది నేల మీద గంటలాగే మోగింది.

ఆసుపత్రికి నన్ను తీసుకెళ్లింది హెడ్ మిస్ట్రెస్ గారు. సూది మందు ఎక్కాక, నొప్పి కాస్త దూరంగా జరిగాక, ఆవిడ అడిగారు, "నీకు ఇష్టమైతేనే చెప్పమ్మా. ఏది కొనమంటావు?"

"రెండూ. పిల్లలు నేర్చుకోవడానికి నల్లవి, బల్లకి ఒకటి. పాడుచేసినా పెద్ద నష్టం లేదు, ఆటలాడినా ఏదో ఒకటి నేర్చుకుంటారు. ఆ జ్ఞాపకం బిళ్లని మాత్రం పట్టీ వేసి బిగించండి. ఆఫీసులో మార్కుల పనికి ఒక తెల్లది. దేని పని దానిది."

చెప్తుంటే నాకే నవ్వొచ్చింది. రెండు ముక్కల మాట. ఆ పాత కొట్లో, ఆ ఒక్క బల్ల మీద రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టుకుని ఇదే మాట చెప్పుకుని ఉంటే, వాళ్లిద్దరూ ఈ ముప్పై మాత్రమే కాదు, ఊరంతటికీ అమ్మేవాళ్లు. నవ్వు ఏడుపయింది. ఆవిడ నా వీపు నిమిరారు.

ఆపరేషన్ చెయ్యాలని నర్సు ఒక కాగితం తెచ్చింది. దాంట్లోనూ గడులే. పేరు, వయసు, ఇల్లు.

"బయట ఇద్దరు కూర్చున్నారు, ఒకాయన తొడకి కట్టు కట్టించుకుని, ఒకాయన చెయ్యి చంకలో పెట్టుకుని. ఇద్దరూ మా మనిషే అంటున్నారు. దగ్గరి బంధువు అన్న చోట ఎవరి పేరు రాయమంటారు?"

"నేను రాస్తాను, ఇవ్వండి" అన్నాను.

పెన్ను ఎడమచేత్తో పట్టుకున్నాను. ఆ గడిలో, ఈ చివర నుంచి ఆ చివరికి, అడ్డంగా ఒక గీత గీశాను.